లీ మోర్గన్ ‘ద సైడ్‌వైండర్’ తర్వాత ఏం వినాలి?

జాజ్ బాగా తెలిసినవాళ్లు కాస్త దారి చూపిస్తారా? ట్రంపెట్ వాద్యకారుడు లీ మోర్గన్ ‘ద సైడ్‌వైండర్’కి బాగా అలవాటుపడిపోయాను. 1963 డిసెంబరులో రికార్డింగ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో రికార్డయి, మరుసటి ఏడాది బ్లూ నోట్ అనే రికార్డు కంపెనీ నుంచి వచ్చిన ఆల్బమ్ అది. అయిదు పాటలూ మోర్గన్ కట్టినవే.

టైటిల్ పాట పది నిమిషాలపైనే ఉన్నా ఎక్కడా సాగదీసినట్టు అనిపించదు. బాబ్ క్రాన్‌షా బేస్, బ్యారీ హారిస్ పియానో కలిసి ఆ గ్రూవ్ పట్టుకున్నాక కాలు తనంతట తనే ఊగుతుంది. వెనక బిల్లీ హిగ్గిన్స్ డ్రమ్స్ ఎంత తేలికో! మోర్గన్ స్వరాన్ని సగం నొక్కి, కొంటెగా జారవిడిచే తీరైతే మరీ ఇష్టం.

నా చిక్కల్లా లెక్క దగ్గరే. మామూలు బ్లూస్ బాణీకి పన్నెండు బార్లు (నాలుగేసి దెబ్బల భాగాలు), ఈ టైటిల్ పాటకి ఇరవైనాలుగు. తాళం వేసినట్టు వేళ్లమీద లెక్కపెడుతూ వింటాను. జో హెండర్సన్ శాక్సఫోన్ సోలో మొదలయ్యేసరికి తప్పిపోతాను. ఆ ఇరవైనాలుగు బార్ల ఆవర్తనం మళ్లీ మొదలైందని మీరు దేన్నిబట్టి పట్టుకుంటారు? బేస్‌నా, పియానోనా?

ఇంకోటి. మోర్గన్‌దే ‘ద రంప్‌రోలర్’ ఆల్బమ్ విన్నాను, బాగానే ఉంది గానీ అదే సూత్రం మళ్లీ వాడినట్టనిపించింది. ఇలా సోల్ ఊపూ హార్డ్ బాప్ (బ్లూస్ ఛాయలున్న చురుకైన జాజ్ శైలి) పదునూ రెండూ ఉన్న, ట్రంపెట్ వాద్యకారులు డొనాల్డ్ బర్డ్, బ్లూ మిచెల్ ఆల్బమ్‌లలో ముందు ఏది వినమంటారు? ట్రాంబోన్ వాళ్లవైనా సరే.