ఏడో తరగతి పిల్లలకు టీసీ ఇచ్చి పంపేయమనడం న్యాయమేనా?

బెజవాడ అమ్మ:
మా బాబు ఒక ప్రైవేటు బడిలో ఏడో తరగతి. జూన్‌లో బడులు తెరిచినప్పటి నుంచి ఇద్దరు పిల్లలు వాడి రంగు మీద ఒక పేరు పెట్టి పిలుస్తున్నారు. దసరా సెలవుల నాటికి తరగతి మొత్తం అదే పేరుతో పిలవడం మొదలుపెట్టింది. టిఫిన్ డబ్బా దాచేస్తారు, నోటు పుస్తకాల మీద ఇంకు పోస్తారు. వాడి ఫొటోకు ఏవో బొమ్మలు అతికించి వాట్సాప్ గ్రూపులో తిప్పుతారు. ప్రిన్సిపాల్ గారికి చెబితే "పిల్లలన్నాక మామూలే, మీరే కాస్త ధైర్యం చెప్పండి" అన్నారు. మొన్న తల్లిదండ్రుల సమావేశంలో మాటా మాటా పెరిగింది. ఆ ఇద్దరికీ టీసీ ఇచ్చి పంపాలని సగం మంది, ఇంత చిన్న విషయానికి పిల్లల చదువు పాడు చేస్తారా అని మిగతా సగం. నాకు నోరు పెగల్లేదు. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి బాబు కడుపునొప్పి అంటున్నాడు. డాక్టరు గారు పరీక్షలన్నీ చేసి ఏమీ లేదన్నారు. టీసీ అడగడం న్యాయమేనా? అసలు ఇది వాడు పెద్దయ్యాక మరిచిపోయే సంగతేనా?

సుద్దముక్క:
అమ్మా, నేను రిటైరైన లెక్కల మాస్టారిని. టీసీ మాట ఎత్తకండి. ఇక్కడ వద్దన్న పిల్లవాడు పక్క వీధి బడిలో చేరతాడు, అక్కడ ఇంకొకరిని పట్టుకుంటాడు. మీ సమస్య వేరే అమ్మకు బదిలీ అవుతుంది, అంతే. మరిచిపోవడం అంటారా, మా తరంలో మారుపేరు లేని పిల్లవాడే లేడు. కుంటివాడు, సొట్టవాడు, నత్తివాడు అని పిలిపించుకున్నవాళ్లంతా ఉద్యోగాలు చేసి, ఇళ్లు కట్టి, మనవలను ఎత్తుకున్నారు. ప్రతి దానికీ కౌన్సెలింగ్ అంటే పిల్లలు రేపు లోకంలో ఎలా నెగ్గుకొస్తారు?

నాలుగో బెంచీ:
మాస్టారూ, ఆ నత్తివాడు మనవణ్ని ఎత్తుకున్నాడని మీకు తెలుసు. మైకు ముందు నిలబడాల్సిన ప్రతిచోటా ఏదో వంక చెప్పి తప్పించుకున్నాడేమో, అది మీకు ఎవరు చెబుతారు?

నేను హాస్టల్లో ఉండి చదువుకున్నాను. నా కులం పేరుకు తోక తగిలించి పిలిచేవారు. ఒకరోజు వార్డెన్ గారు హాజరు పిలుస్తూ, నవ్వుతూ, అదే పేరుతో నన్ను పిలిచారు. తోటి పిల్లలు అన్న మాటలు చాలావరకు మనసులోంచి పోయాయి. కొందరు ఇప్పుడు నాకు స్నేహితులు కూడా. ఆ హాజరు మాత్రం పోలేదు. ఇప్పటికీ ఆఫీసులో నలుగురు ఒక మూల నవ్వుకుంటుంటే ముందు నా గురించేనని అనిపిస్తుంది. కాదని తెలుసుకోవడానికి కొంతసేపు పడుతుంది.

ఇది నా ఒక్కడి గోడు అంటారేమో. బ్రిటన్‌లో 1958లో ఒకే వారంలో పుట్టిన పిల్లలను జీవితమంతా గమనిస్తూ వస్తున్నారు. వాళ్లలో 7,771 మంది ఏడేళ్లకు, పదకొండేళ్లకు బడిలో వేధింపులు పడ్డారా లేదా అని అప్పట్లోనే తల్లిదండ్రులను అడిగి రాసుకున్నారు. ఆ వివరాల మీద లండన్ కింగ్స్ కాలేజీ వాళ్ల పరిశోధన 2014లో వచ్చింది. చిన్నప్పుడు తరచూ వేధింపులు పడినవాళ్లలో నడివయసులో కూడా డిప్రెషన్, ఆందోళన, చనిపోవాలన్న ఆలోచనలు మిగతావాళ్లకంటే ఎక్కువగా కనిపించాయి. అప్పటికి నలభై ఏళ్లు గడిచాయి మాస్టారూ. టీసీ ఇవ్వాల్సిందే అంటాను నేను.

అంకెల పిచ్చి:
ఆ పరిశోధన మంచిదే, కానీ ఒక చిక్కుంది. పేదరికం, ఇంట్లో గొడవలు, పుట్టుకతో వచ్చే బెరుకు లాంటివి వేధింపులకూ కారణం కావచ్చు, తరువాతి డిప్రెషన్‌కూ కారణం కావచ్చు. వాటిలో తెలిసినవాటిని లెక్కలోంచి తీసేశామని వాళ్లు చెప్పారు. అన్నీ తీసేయడం ఎవరి తరమూ కాదు.

అందుకే నాకు 2017 నాటి కవలల పరిశోధన ఎక్కువ నచ్చుతుంది. అదీ బ్రిటన్‌దే. పదకొండు వేలకు పైగా కవలలు. ఒకే ఇల్లు, ఒకే అమ్మానాన్న, ఒకేలాంటి కవలలైతే జన్యువులూ ఒకటే. ఇద్దరిలో ఒకరు ఎక్కువ వేధింపులు పడితే, తరువాత వచ్చే తేడాకు కారణం వేధింపులేనని కొంత ధైర్యంగా అనవచ్చు. పదకొండేళ్ల వయసులో ఆ ప్రభావం స్పష్టంగా ఉంది. ఆందోళన మీద రెండేళ్ల తరువాత కూడా ఉంది. పదహారేళ్లు వచ్చేసరికి ఆందోళన మీద కనిపించలేదు. అయితే ఎదుటివాళ్లు తనకు కీడు తలపెడుతున్నారన్న అనుమానం, ఆలోచనలు కుదురుగా నిలవకపోవడం, ఈ రెండూ కొద్దిగా మిగిలాయి.

నాలుగో బెంచీ గారూ, మీరు చెప్పిన ఆఫీసు నవ్వు సరిగ్గా ఆ మిగిలినదానిలోకే వస్తుంది. చాలామంది పిల్లలు తేరుకుంటారన్న మాస్టారి మాట కూడా కొట్టేయలేం.

ఇంకో సంగతి. అమెరికాలో నార్త్ కరోలినా పల్లెల్లో 1,420 మంది పిల్లలను పెద్దయ్యేదాకా గమనిస్తే, కొన్ని విషయాల్లో అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నది ఒకచోట ఏడిపిస్తూ మరోచోట ఏడ్చే పిల్లలు. ఆ ఇద్దరికి టీసీ ఇమ్మనే ముందు, వాళ్లను ఎవరు ఏడిపిస్తున్నారో ఎవరైనా అడిగారా?

నాలుగో బెంచీ:
అడగండి, తప్పకుండా అడగండి. కానీ ముందు దెబ్బ తిన్నవాణ్ని అడిగిన తరువాత. మన దగ్గర వరుస ఎప్పుడూ తిరగబడుతుంది. కొట్టినవాడి భవిష్యత్తు గురించి సమావేశంలో పదిమంది లేస్తారు. కడుపునొప్పి పిల్లవాడికి "ధైర్యంగా ఉండు" అన్న మాట తప్ప ఏమీ దొరకదు.

గుమాస్తా గారి అబ్బాయి:
చట్టం మాట కూడా చూద్దాం. విద్యాహక్కు చట్టం 2009లో పదహారో సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్నీ బడి నుంచి వెళ్లగొట్టకూడదు. డిటెన్షన్ (పరీక్ష తప్పినవాళ్లను అదే తరగతిలో ఆపడం) గురించి 2019లో సవరణ వచ్చింది కానీ ఈ భాగం అలాగే ఉంది. మైనారిటీ సంస్థలకు ఆ చట్టం వర్తించదు, మిగతా ప్రైవేటు బడులకు వర్తిస్తుంది. కాబట్టి ఏడో తరగతి పిల్లలకు శిక్షగా టీసీ ఇవ్వమని అడగడమంటే, చట్టాన్ని మీరమని బడిని అడగడమే. సమావేశంలో అరిచిన ఆ సగం మందికి ఇది ఎవరూ చెప్పలేదన్నమాట.

అలాగని మీ చేతిలో ఏమీ లేదనుకోకండి. పదిహేడో సెక్షన్ పిల్లలపై శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ నిషేధిస్తుంది. హాజరు పట్టీలో అవమానించిన వార్డెన్ లాంటివారికి అది నేరుగా తగులుతుంది. తోటి పిల్లల విషయంలోనే మన చట్టాలు పలచగా ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చినా, దాన్ని అందరూ కాలేజీల వ్యవహారంగానే చూశారు. యూజీసీ 2009 నిబంధనలు ఉన్నత విద్యకు మాత్రమే.

ఇప్పుడు కాస్త దారి దొరికింది. విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి పిల్లలున్న చోట అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. వేధింపుల మీద గుట్టుగా ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలి. సకాలంలో పట్టించుకోకపోతే సంస్థదే తప్పు అవుతుంది. "పిల్లలన్నాక మామూలే" అన్న ప్రిన్సిపాల్ గారికి ఇది కాగితం మీద చూపించండి. నోటి మాటగా చెప్పిన ఫిర్యాదు ఫిర్యాదు కాదు. రాసి ఇచ్చి, నకలు మీద బడి ముద్ర, తేదీ వేయించుకోండి. కదలకపోతే పిల్లల సహాయానికి 1098 ఫోన్ నంబరు ఉంది.

ఎడిసన్ నుంచి:
న్యూజెర్సీలో మా అమ్మాయికి అన్నం డబ్బా దగ్గర వచ్చింది ఈ గొడవ, ఆవకాయ వాసనతో. ఇక్కడ 2011 నుంచి వేధింపుల నిరోధక చట్టం అమల్లో ఉంది. ఫిర్యాదు అందిన మరుసటి రోజుకల్లా విచారణ మొదలవ్వాలి, పది పనిదినాల్లో ముగియాలి, ప్రతి బడిలో దీనికంటూ ఒకరు ఉండాలి. విచారణ గడువులోపే అయిపోయింది. నివేదిక వచ్చింది. బడి తన పని అయిందనుకుంది. అమ్మాయి మాత్రం ఆ సంవత్సరమంతా డబ్బా తెరవలేదు. టీచరు ఒకరు రోజూ వాళ్ల బల్ల దగ్గర కూర్చుని తినడం మొదలుపెట్టాకే మారింది. చట్టం వద్దని అనడం లేదు, అది లేకపోతే ఆ టీచరు కూడా కదిలేవారు కాదేమో.

సుద్దముక్క:
ఆ టీచరు చేసింది నాకు నచ్చింది. నివేదికలు నచ్చలేదు. మారుపేర్ల వల్ల జీవితాలు కూలిపోతాయని నేను ఇప్పటికీ ఒప్పుకోను. పెద్దవాళ్లు ఆ పేరుతో పిలవడం వేరే సంగతి, అలాంటి వార్డెన్‌ను నేనైతే ఉద్యోగంలో ఉంచను. తరగతిలో చేయాల్సిన పనులు కౌన్సెలర్ ఒక్కరితో అయ్యేవి కావు. క్లాస్ టీచరు సీట్లు మార్చాలి. ఆ ఇద్దరినీ విడదీయాలి. నవ్విన మిగతా నలభై మందితో మాట్లాడాలి, ఎందుకంటే చూసేవాళ్లు నవ్వకపోతే ఏడిపించేవాడికి సరదా ఉండదు.

అంకెల పిచ్చి:
మాస్టారూ, ఫిన్లండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన కివా అనే పథకం సరిగ్గా ఆ చూసేవాళ్ల మీదే కట్టారు. మీకు పరిశోధనలు నచ్చవు కానీ, పరిశోధనలకు మీరు నచ్చుతారు.

బెజవాడ అమ్మ:
అందరికీ దండాలు. టీసీ అడగను. సుప్రీంకోర్టు మార్గదర్శకాలు జతచేసి శనివారం ఉత్తరం ఇస్తున్నాను. కౌన్సెలర్ పేరు, మధ్యాహ్నం తిండి వేళ తరగతిలో ఒక టీచరు, సీట్ల మార్పు, ఈ మూడూ రాతలో అడుగుతున్నాను. ఆదివారం కడుపునొప్పికి మాత్రం బడి కోసం ఆగను, పిల్లల మానసిక వైద్యురాలి దగ్గర సమయం తీసుకున్నాను.

నాలుగో బెంచీ:
టీసీ విషయంలో నేను మారలేదు, చట్టం ఒప్పుకోదు కాబట్టి ఊరుకుంటున్నాను. ఆ ఉత్తరంలో వాట్సాప్ గ్రూపు సంగతి ఎందుకు వదిలేశారు? వాట్సాప్‌లో సొంతంగా ఖాతా తెరవాలంటే పదమూడేళ్లు నిండాలి. ఏడో తరగతి పిల్లల్లో చాలామందికి నిండి ఉండవు. అంటే మీ బాబు ఫొటో తిరుగుతున్నది అమ్మానాన్నల నంబర్ల మీదే. సమావేశంలో "చిన్న విషయం" అన్నవాళ్ల ఫోన్లలో ఆ గ్రూపు ఉందేమో ముందు చూడమనండి.