పెయింటింగా, ప్రింట్‌మేకింగా, అప్లైడ్ ఆర్టా? తర్వాత దొరికే పనులు, పోర్ట్‌ఫోలియో

ప్రశ్న: విజువల్ ఆర్ట్స్ డిగ్రీలో రెండో ఏడు అయిపోవస్తోంది. ఇక పెయింటింగ్, ప్రింట్‌మేకింగ్ (చెక్కిన పలకల నుంచి బొమ్మలు అచ్చువేయడం), అప్లైడ్ ఆర్ట్ (ప్రకటనలు, డిజైన్ లాంటివి), వీటిలో ఒక స్పెషలైజేషన్ తేల్చుకోవాలి. గ్యాలరీల మీదే ఆధారపడకుండా చేసుకోగలిగే పనులేంటి? పోర్ట్‌ఫోలియోకి ఇప్పటినుంచే ఏం సిద్ధం చేసుకోవాలి?

జవాబు: స్టూడియోల వాళ్లు ముందు చూసేది మీ స్పెషలైజేషన్ కాదండీ, పోర్ట్‌ఫోలియో. అందరికీ ఒకటే పంపితే మాత్రం పని జరగదు. స్టోరీబోర్డు పనికి (అంటే సినిమా, యానిమేషన్ సీన్లని వరస ఫ్రేములుగా గీయడానికి) పూర్తిచేసిన పెయింటింగ్‌ల కన్నా రెండు మూడు చిన్న సీక్వెన్సులు మేలు. అందులో పాత్ర ఎడమ నుంచి కుడికి నడుస్తూ, కారణం లేకుండా తర్వాతి ఫ్రేములో దిశ మారిపోతే అక్కడే పక్కన పెట్టేస్తారు. గేమ్ కాన్సెప్ట్ ఆర్ట్‌కైతే (గేమ్‌లో వస్తువులూ పాత్రలూ ఎలా ఉండాలో ముందే గీసే బొమ్మలు) ఒకే వస్తువుని ముందు, పక్క, వెనక నుంచి గీసి చూపించాలి. కంప్యూటర్లో 3డీ మోడల్ చేసేవాళ్లు దాన్ని చూసి కట్టగలగాలి. పిల్లల పుస్తకాలకి ఒకే పాత్ర పది భంగిమల్లోనూ ఇట్టే గుర్తుపట్టేలా ఉండాలి. మొత్తం 12–15 పేజీలు చాలు. నాసిరకం బొమ్మ ఒక్కటున్నా మిగతావాటి విలువ పడిపోతుంది.

జవాబు: ఫొటోల దగ్గరే చాలామంది దెబ్బతింటారు. కాన్వాస్‌ని నిటారుగా పెట్టి, లెన్స్ సరిగ్గా దాని మధ్యకి ఎదురుగా ఉంచండి. కాస్త వంగినా ఒక అంచు పొట్టిగా పడుతుంది. ఒకే రకం లైట్లు రెండు, చెరో పక్క 45 డిగ్రీల్లో పెట్టండి. కిటికీ వెలుతురూ బల్బూ కలిస్తే ఒక పక్క నీలం, ఇంకో పక్క పసుపు తేలుతుంది, దాన్ని తర్వాత సరిదిద్దడం నరకం. ముద్రణకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి. అంటే 20×30 సెం.మీ. బొమ్మకి దాదాపు 2360×3540 పిక్సెల్స్. కింద మాధ్యమం, కొలత, సంవత్సరం తప్పక రాయండి.

జవాబు: పెయింటింగ్ తీసుకునేవాళ్లు కన్జర్వేషన్ (పాత చిత్రాలు పాడవకుండా కాపాడి, బాగుచేసే పని) గురించీ ఆలోచించాలి. దానికి పీజీ కావాలి, చాలా కోర్సులు కెమిస్ట్రీ కూడా అడుగుతాయి కాబట్టి ఆ పేపరు ఇప్పుడే తీసుకోండి. కింది పొరలో నూనె ఎక్కువై పై పొరలో తక్కువైతే, పైది ముందే గట్టిపడి, కిందిది ఇంకా కదులుతుంటే పగులుతుంది. ఇలాంటి కారణాలు పట్టుకోవడమే ఆ పనిలో సగం. రీటచింగ్‌కి (రంగు ఊడిన చోట మళ్లీ పూరించడానికి) మామూలు ఆయిల్ రంగులు వాడరు: కాలంతో రంగు మారతాయి, పైగా అసలు పొరకి దెబ్బ తగలకుండా తీయడం కష్టం. వేసిన ప్రతి చుక్కా రేపు తీసేయడానికి వీలుండాలి.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ. చదువుకుంటూనే ఇలస్ట్రేషన్ పనులు ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోండి, కానీ ముందే కాగితం మీద పెట్టుకోండి. బొమ్మ అమ్మడం వేరు, వాడుకునే హక్కు ఇవ్వడం వేరు. కవర్‌కి ఇచ్చిన బొమ్మ టీషర్టుల మీదకీ ఎక్కిందని వచ్చే గొడవలన్నీ ఇక్కడివే. ఎక్కడ వాడతారు, ఎంతకాలం, ఎన్నిసార్లు మార్పులు చేసిస్తారు, మధ్యలో ఆపేస్తే ఎంత చెల్లిస్తారు, ఈ నాలుగూ రాసుకున్నాకే పెన్సిల్ పట్టండి.