పెరూకి ఒక్కదాన్నే, 19 రోజులు, అన్నీ హాస్టళ్లే... వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి

తెనాలి_పిల్ల:

అందరికీ నమస్తే. సెప్టెంబర్‌లో పెరూ వెళ్దామని ఫిక్స్ అయిపోయాను, ఒక్కదాన్నే. వయసు 27, హైదరాబాద్‌లో ఉద్యోగం. ఇప్పటిదాకా ఒంటరిగా తిరిగినవి హంపి, గోకర్ణ, ఒకసారి వియత్నాం, అంతే. అన్నయ్య దగ్గరికి వెళ్లినప్పుడు తీసుకున్న అమెరికా విజిట్ వీసా ఇంకా చాలా ఏళ్లుంది, అది ఉంటే మనవాళ్లకి పెరూకి వేరే వీసా అక్కర్లేదని తెలిసిన రోజు నుంచి నిద్ర పట్టట్లేదు. 19 రోజుల సెలవు దొరికింది. దొరకడం అంటే, మేనేజర్‌తో మూడు నెలలు పోట్లాడి తెచ్చుకున్నాను.

నా ప్లాన్ ఇది: పొద్దున లిమాలో దిగి, అదే రోజు మధ్యాహ్నం ఫ్లైట్‌లో కుస్కో. మర్నాడు రెయిన్‌బో మౌంటెన్, ఆ మర్నాడు మచు పిచ్చు, తర్వాత పునో, అరెకిపా, వాకచీనా, మళ్లీ లిమా. అన్నిచోట్లా డార్మ్ బెడ్లే, అంటే హాస్టల్‌లో నలుగురితో పంచుకునే గదిలో ఒక మంచం, హోటళ్లకి నా దగ్గర డబ్బుల్లేవు.

డౌట్లు చాలా ఉన్నాయి. డార్మ్‌లో ఒంటరి ఆడపిల్లకి ఎలా ఉంటుంది, నిజం చెప్పండి. నేను శాకాహారిని, గుడ్డు తింటాను. స్పానిష్ ఒక్క ముక్క రాదు. అన్నిటికంటే పెద్ద సమస్య అమ్మ. ఆవిడకి హాస్టల్ అంటే విజయవాడలో నేను ఇంటర్ చదివినప్పటి హాస్టలే. రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు, వార్డెన్ ఆడమనిషేనా అని రోజూ ఫోన్‌లో అడుగుతోంది. ఏం చెప్పమంటారు?

గోదారోడు:

చెల్లీ, ముందు ఆ ప్లాన్ చింపేయ్. కోపం తెచ్చుకోకు, నేను అచ్చంగా అదే ప్లాన్‌తో వెళ్లి అనుభవించినవాణ్ణి.

లిమా సముద్రం ఒడ్డున ఉంది. కుస్కో ఎత్తు 3,400 మీటర్లు. మన తిరుమల వెయ్యి మీటర్ల లోపే, దాంతో పోల్చుకో. గంటన్నర ఫ్లైట్‌లో నిన్ను తీసుకెళ్లి ఆ ఎత్తున పడేస్తారు, ఒంటికేమో ఈ సంగతి సాయంత్రానికి గానీ తెలీదు. నేను మధ్యాహ్నం దిగి, అబ్బే నాకేం కాలేదు అనుకుంటూ ఊరంతా తిరిగాను. రాత్రి ఎనిమిదింటికి మొదలైంది, తల మీద రోకలి పెట్టి దంచుతున్నట్టు. హాస్టల్‌లో నా మంచం పై అంతస్తులో, అందులోనూ పై బెర్తు. ఆ మెట్లు ఎక్కడానికి మూడుసార్లు ఆగాను. తర్వాత వాంతులు. రిసెప్షన్‌లో ఉన్న కుర్రాడు ఏమీ అడక్కుండానే కోకా ఆకులు వేసిన వేడినీళ్లు తెచ్చిచ్చి, కింది బెర్తు అమ్మాయిని అడిగి మంచం మార్పించాడు. వాళ్లకి ఇది రోజూ ఉండేదే, ఆక్సిజన్ సిలిండర్ కౌంటర్ వెనకే పెట్టుకున్నారు. రెండు రోజులు ఆ గదిలోనే పడున్నాను.

నువ్వేమో మర్నాడే రెయిన్‌బో మౌంటెన్ అంటున్నావు, అది 5,000 మీటర్ల పైన ఉంది. వద్దమ్మా.

మొత్తం తిరగెయ్. లిమా నుంచి బస్సులో పరాకాస్, వాకచీనా (ఇసుక దిబ్బల మధ్య చిన్న చెరువు, ఒక రాత్రి చాలు), అక్కణ్ణుంచి అరెకిపా. అది 2,335 మీటర్లు, ఒళ్లు అలవాటు పడ్డానికి సరిపోతుంది. తెల్లటి అగ్నిపర్వతపు రాయితో కట్టిన ఊరు, ఎదురుగా మిస్తీ కొండ, నాకైతే కుస్కో కంటే అదే నచ్చింది. అక్కడ నాలుగు రోజులు పెట్టుకో. కోల్కా లోయకి వెళ్తే మాత్రం దారిలో బస్సు దాదాపు 4,900 మీటర్ల కనుమ దాటుతుంది, కాబట్టి మొదటి రోజే కాకుండా ఒకట్రెండు రోజులు ఆగి వెళ్లు. ఆ తర్వాత పునో (3,830), ఆ తర్వాత కుస్కో. పునో ఊళ్లో చూడ్డానికి ఏమీ లేదు. టిటికాకా సరస్సులో తకీలే అని ఒక దీవి ఉంది, అక్కడ మగవాళ్లు నడుస్తూ కూడా టోపీలు అల్లుతుంటారు, ఎవరింట్లోనైనా ఒక రాత్రి ఉండొచ్చు. చలి మాత్రం ఎముకలు కొరికేస్తుంది.

చాలామందికి తెలియనిది ఒకటి, మచు పిచ్చు 2,430 మీటర్లే, కుస్కో కంటే వెయ్యి మీటర్లు కింద. అక్కడ ఊపిరి హాయిగా ఆడుతుంది.

ఎత్తు పడనివాళ్లు వేసుకునే డయామాక్స్ టాబ్లెట్ సంగతి వెళ్లేముందు డాక్టర్ని అడుగు, సల్ఫా మందులు పడకపోతే తప్పకుండా చెప్పు. ఇంకోటి, అది వేసుకుంటే రాత్రంతా బాత్‌రూమ్‌కి తిరగాలి. కింది బెర్తు అడిగి తీసుకో, నవ్వులాటకి అనట్లేదు. కోకా ఆకులు, కోకా టీ ప్యాకెట్లు అక్కడే తాగేసి రా, కొకైన్ తీసేది ఆ ఆకుల్లోంచే కాబట్టి చాలా దేశాల్లోకి తేవడం నేరం.

సంచీ_సర్దేశా:

పైన అన్నయ్య చెప్పినది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. నేను హాస్టళ్ల గురించి చెప్తాను, 2024లో ఐదు వారాలు ఒక్కదాన్నే తిరిగాను.

భయపడాల్సింది డార్మ్‌లో ఉన్నవాళ్ల గురించి కాదు. నీలాంటివాళ్లే ఉంటారు అందులో, సగం మంది ఒంటరిగా వచ్చినవాళ్లే, రెండో రోజుకి కలిసి వంట చేసుకుంటుంటారు. బుక్ చేసేటప్పుడు ఆడవాళ్ల డార్మ్ అని విడిగా ఉంటుంది, ఐదో పదో సోల్‌లు (అక్కడి డబ్బు) ఎక్కువైనా మొదటి వారం అదే తీసుకో, తర్వాత నీకే తెలుస్తుంది. రివ్యూలు చదివేటప్పుడు మార్కులు చూడకు, ఒంటరి అమ్మాయిలు ఏం రాశారో చూడు. పార్టీ హాస్టళ్లు అని ఒక రకం ఉన్నాయి, లోపలే బార్, రాత్రి రెండింటిదాకా డప్పులు. ఇరవై రెండేళ్లప్పుడు బాగుంటాయేమో, నాకు ఒక్క రాత్రికే తల వాచింది.

తాళం నీదే తీసుకెళ్లు. ఇందులో నేను దెబ్బతిన్నాను. గట్టిగా ఉండాలని కోఠీలో లావుపాటి తాళం కొన్నాను, అక్కడ లాకర్ గొళ్లేనికి ఉన్న రంధ్రంలో ఆ కొక్కెం దూరలేదు. మొదటి రాత్రి పాస్‌పోర్ట్ దిండు గలీబులో పెట్టుకుని పడుకున్నాను. నంబర్లు తిప్పే సన్నటి తాళం చాలు. బాత్‌రూమ్‌లో హవాయి చెప్పులు, ఒక ఖాళీ బాటిల్ (మన అలవాట్లకి అక్కడ పైపు ఉండదు, చెప్పకపోతే ఎవరూ చెప్పరు), వాడిన టిష్యూ పేపర్ కమోడ్‌లో కాకుండా పక్కన డబ్బాలో వెయ్యాలి. మన రెండు గుండ్రటి పిన్నుల ఛార్జర్ అక్కడ పడుతుంది. ఇంకా, సామాను క్యారీ బ్యాగుల్లో కట్టుకోకు. మచు పిచ్చుకి వెళ్లేవాళ్లు తెల్లారుజామున మూడింటికి లేచి ఆ కవర్లు కరకరలాడిస్తుంటే గదిలో ఉన్న ఎనిమిది మందీ మనసులో తిట్టుకుంటారు. నన్ను తిట్టుకున్నారు కాబట్టి తెలుసు.

లిమాలో మిరాఫ్లోరెస్ పేటలో గానీ బరాంకో పేటలో గానీ ఉండు, వేరేచోట చవక అని వెళ్లకు. కుస్కోలో సాన్ బ్లాస్ పేట చాలా అందంగా ఉంటుంది గానీ మొత్తం ఎత్తు మెట్లు, వీపు మీద పన్నెండు కిలోలు వేసుకుని ఆ గాలిలో ఎక్కడం అంటే మోకాళ్ల పర్వతం గుర్తొస్తుంది. ఇంకో చిట్కా, విదేశీ టూరిస్టులకి గది అద్దె మీద 18 శాతం పన్ను ఉండదు, పాస్‌పోర్ట్ చూపించి బిల్లులో అది వేయలేదు కదా అని చూసుకో.

జాగ్రత్త పడాల్సింది రోడ్డు మీద. లిమాలో టాక్సీలో కూర్చుని మ్యాప్ చూస్తున్నాను, సిగ్నల్ దగ్గర ఆగింది, తెరిచిన కిటికీలోంచి చెయ్యి వచ్చింది, ఫోన్ పోయింది. అంతే, రెండు సెకన్లు. డ్రైవర్ నాకంటే ఎక్కువ బాధపడ్డాడు. కిటికీ ఎత్తి ఉంచు, రాత్రి బస్సులో బ్యాగు పైన అరలో పెట్టకుండా కాళ్ల మధ్య పెట్టుకుని పట్టీ కాలికి చుట్టుకో. డాలర్లు తీసుకెళ్తే కొత్త నోట్లే, కొంచెం చిరిగినా తీసుకోరు.

అమ్మ సంగతి: పెరూ మనకంటే పదిన్నర గంటలు వెనక. నువ్వు రాత్రి తొమ్మిదింటికి మంచం ఎక్కి ఫోన్ చేస్తే తెనాలిలో పొద్దున ఏడున్నర, ఆవిడ కాఫీ తాగే టైమ్. రోజూ అదే టైమ్‌కి చేస్తానని చెప్పు. రోజంతా లొకేషన్ పంపడం కంటే అదే ఎక్కువ పనిచేస్తుంది, మా అమ్మ మీద పనిచేసింది.

పప్పన్నం:

తిండి గురించి నేను చెప్తానండి. గుడ్డు తింటే సగం కష్టం తీరినట్టే.

మాంసం లేకుండా అని అడిగితే కోడి వేసి పెడతారు, వాళ్ల లెక్కలో కోడి అంటే మాంసం కాదు. కాబట్టి మూడూ చెప్పాలి: సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో, అంటే మాంసం వద్దు, కోడి వద్దు, చేప వద్దు. సూప్ అయితే ఎముకల నీళ్లతో కాచిందా అని కూడా అడగాలి, చాలాసార్లు అదే. మధ్యాహ్నం మెనూ అని బోర్డు పెట్టిన చోట సూప్, అన్నం ఉన్న ప్లేటు, ఒక గ్లాసు జ్యూస్ కలిపి చాలా చవకగా ఇస్తారు. సోమవారం అయితే పండగే, సోమవారం పప్పు తినడం వాళ్ల ఇళ్లలో ఆనవాయితీ. లెంతేహాస్ అంటారు, మన మసూర్ జాతే, అన్నం మీద పోసి ఇస్తారు. పక్కన మాంసం ముక్క వద్దని ముందే చెప్పాలి. నేను నాలుగో రోజున ఆ ప్లేటు చూసి దాదాపు ఏడ్చాను.

కారం కావాలంటే రొకోతో అనే మిరపకాయ అడుగు, చూడ్డానికి చిన్న టమాటాలా ఉంటుంది, గింజలు నల్లగా ఉంటాయి, మన గుంటూరు వాళ్లకి కూడా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. చీఫా అని చైనీస్ హోటళ్లు ప్రతి వీధిలో ఉంటాయి, కూరగాయల ఫ్రైడ్ రైస్ చేయించుకోవచ్చు. కుస్కో సాన్ పెద్రో మార్కెట్‌లో బ్రెడ్డులో పాల్తా, అంటే అవకాడో, పెట్టిస్తే టిఫిన్ అయిపోతుంది.

హాస్టల్ వంటింట్లో వండుకుందామని కందిపప్పు మోసుకెళ్లకండి. నేను మోసుకెళ్లాను. కుస్కోలో నీళ్లు 88, 89 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కర్ లేకుండా గంటన్నర ఉడికించినా పప్పు పలుకు పలుకుగానే ఉంది. వెనక ఒక ఫ్రెంచ్ అబ్బాయి పొయ్యి కోసం గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు, సిగ్గేసి దించేశాను. కందిపొడి తీసుకెళ్లండి, అక్కడ అన్నం ఎక్కడైనా దొరుకుతుంది.

అనుమానపు_పక్షి:

అందరూ బాగా చెప్పారు గానీ అసలైనది వదిలేశారు. ఎల్లో ఫీవర్ టీకా. పెరూ వాళ్లు అడగడం గురించి కాదు, తిరిగి మన ఎయిర్‌పోర్ట్‌లో దిగినప్పుడు మనవాళ్లు అడుగుతారు. ఆ జబ్బు ఉన్న దేశాల జాబితాలో పెరూ ఉంది, అమెజాన్ వైపు వెళ్లలేదు మహాప్రభో అన్నా వినరు, కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలో ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థలో వేస్తారు. వేసుకున్న పది రోజుల తర్వాతే చెల్లుతుంది, ఒకసారి వేసుకుంటే జీవితాంతం సరిపోతుంది. ముందే ఫోన్ చేసి ఏ రోజుల్లో వేస్తారో కనుక్కుని వెళ్లు.

రెండోది, బందులు. మనకి కొత్త కాదు గానీ అక్కడ మొదలైతే రోడ్లకి బండరాళ్లు అడ్డం పెడతారు, రైళ్లు ఆగిపోతాయి. 2023 జనవరిలో అయితే మచు పిచ్చునే మూసేశారు. కుస్కో నుంచి లిమా ఫ్లైట్‌కీ, ఇంటికొచ్చే ఫ్లైట్‌కీ మధ్య రెండు రోజులైనా ఖాళీ ఉంచుకో. మచు పిచ్చు టికెట్ ఇప్పుడే ప్రభుత్వ సైట్‌లో కొను, ఏ దారిలో తిరగాలో టికెట్ మీదే రాసి ఉంటుంది, గేటు దగ్గర పాస్‌పోర్ట్ ఉండాలి. రైలు ఖరీదు ఎక్కువనిపిస్తే హిద్రోఎలెక్త్రికా అనే చోటు దాకా వ్యాన్‌లో వెళ్లి పట్టాల పక్కనే పది కిలోమీటర్లు నడిచేవాళ్లున్నారు. నడక బాగుంటుంది గానీ చీకటి పడేలోపు మచు పిచ్చు కింద ఉన్న ఊరు చేరాలి, వ్యాన్ లేటైతే నడవకు.

తెనాలి_పిల్ల:

అందరికీ పేరుపేరునా థాంక్స్. నిన్న రాత్రి కూర్చుని మొత్తం తిరగేశాను: లిమా 2, పరాకాస్, వాకచీనా కలిపి 2, అరెకిపా 4, పునో 2, కుస్కో, మచు పిచ్చు కలిపి 6, చివర లిమా 2. మిగిలిన ఒక రోజు దేనికో ఇంకా తెలీదు. రెయిన్‌బో మౌంటెన్ తీసేశాను, మనసొప్పలేదు గానీ తీసేశాను. టీకాకి వచ్చే వారం వెళ్తున్నా, ఆ విషయం అస్సలు తెలీదు నాకు.

@సంచీ_సర్దేశా అక్కా, తాళం కొక్కెం ఎంత సన్నగా ఉండాలి?

సంచీ_సర్దేశా:

పెన్సిల్ కంటే సన్నగా ఉంటే చాలు. సూట్‌కేస్‌కి వేసే చిన్నది మాత్రం వద్దు, అది పిన్నీసుతో వచ్చేస్తుంది. అమ్మ ఏమన్నారు?

తెనాలి_పిల్ల:

ఆడవాళ్ల గది, సొంత తాళం, ఏడున్నరకి ఫోన్ అన్నాక కాస్త మెత్తబడింది. రిసెప్షన్‌లో రాత్రంతా ఎవరో ఒకరు ఉంటారమ్మా అని కూడా చెప్పాను. "ఆడమనిషేనా?" అంది.