నికోడెమస్ జనాభా ఎందుకు తగ్గింది?

ప్రశ్న (సీతమ్మధార): అమెరికాలోని కాన్సస్‌లో బానిసత్వం నుంచి విముక్తులైన నల్లజాతివారు 1877లో స్థాపించుకున్న నికోడెమస్ గురించి మా అమ్మాయి ప్రాజెక్టు రాస్తోంది. అంత పట్టుదలతో నిలబెట్టిన ఊరు ఎందుకు ఖాళీ అయిందో తెలిసినవారు దయచేసి చెప్పగలరా?

జవాబు (గాజువాక): ప్రధాన కారణం రైలేనండి. కెంటకీ నుంచి వచ్చినవారు కలప దొరకని ఆ మైదానంలో నేలను తవ్వి, పైన మట్టి కప్పుకున్న గుంతల ఇళ్లలో తొలి చలికాలం గడిపి ఊరిని నిలబెట్టారు గానీ, 1888లో రైలుమార్గం సోలమన్ నదికి అవతలగా వెళ్లిపోవడంతో దుకాణాలు ఆ మార్గం పక్కనున్న బోగ్ అనే ఊరికి తరలిపోయాయి. వాల్తేరు స్టేషను చూసిన మనకు రైలు విలువ వేరే చెప్పనక్కర్లేదు.

జవాబు (భీమిలి): 1930ల కరవు, దుమ్ము తుపానులు మిగిలినవారినీ చెదరగొట్టాయి. అయితే ఊరు అంతరించలేదని మీ అమ్మాయి చేత తప్పక రాయించండి. 1996లో దానిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. వలసపోయినవారి వారసులు ఏటా జూలై నెలాఖరున విముక్తి ఉత్సవానికి అక్కడికే చేరుకుంటారు.