హీ-మ్యాన్: బొమ్మల కోసం కార్టూనా, కార్టూన్ కోసం బొమ్మలా? మీ అనుభవాలు పంచుకోండి

నలుపుతెలుపు_టీవీ:
మా చిన్నప్పుడు ఇంట్లో నలుపు తెలుపు టీవీ మాత్రమే ఉండేది. దూరదర్శన్‌లో ‘హీ-మ్యాన్’ కార్టూన్ వచ్చే వేళకు వీధిలోని పిల్లలందరూ మా వరండాలో చేరేవారు. అందులోని దుష్టుడు స్కెలెటార్ ఒళ్లు నీలంగా ఉంటుందనీ, హీ-మ్యాన్ ఎక్కి తిరిగే పులి ఆకుపచ్చగా ఉంటుందనీ నాకు తెలిసింది కార్టూన్ చూసి కాదు, మా మేనమామ మస్కట్ నుంచి తెచ్చిన బొమ్మలను చూసిన తరువాతనే. ఆకుపచ్చ పులి ఎక్కడైనా ఉంటుందా, దుకాణం వాడు మిమ్మల్ని మోసం చేశాడని మామయ్యతో వాదించాను కూడా. మొన్న అటక మీది సామాను దించితే ఆ మూడు బొమ్మలూ బయటపడ్డాయి. అయితే హీ-మ్యాన్ కత్తి ఒకవైపు చదునుగా, నిలువునా చీల్చినట్టు ఉంది. కార్టూన్‌లో హీ-మ్యాన్‌గా మారడానికి ఆడమ్ యువరాజు పైకెత్తే కత్తి నిండుగా ఉంటుంది కదా, మరి ఇందులో సగం విరిగిపోయిందా? అదీగాక హీ-మ్యాన్ కాళ్లు వేలాడిపోతున్నాయి. బాగుచేసే మార్గం ఉంటే దయచేసి చెప్పగలరు.

బొమ్మలపెట్టె:
మీ కత్తి విరగలేదండీ, దాని తయారీయే అంత. మ్యాటెల్ సంస్థ 1982లో ఈ బొమ్మలను విడుదల చేసేనాటికి కార్టూన్ లేదు. బొమ్మతోపాటు డబ్బాలో పెట్టిన చిన్న చిత్రకథల పుస్తకాలే కథకు ఆధారం. తొలి పుస్తకాలలో హీ-మ్యాన్ అడవి తెగ నుంచి వచ్చిన యోధుడే తప్ప రాజకుమారుడు కాడు; హీ-మ్యాన్ కత్తీ, స్కెలెటార్ కత్తీ ఒకే మహాఖడ్గానికి రెండు సగాలు. 1983 సెప్టెంబరులో ఫిల్మేషన్ స్టూడియో కార్టూన్ ప్రసారం మొదలైనప్పుడు ఆ సగాల సంగతి వదిలేసి ఒక్క నిండు కత్తినే ఉంచారు.

పులి కథ ఇంకా విచిత్రం. మ్యాటెల్ వారే అంతకుముందు అమ్మిన ‘బిగ్ జిమ్’ బొమ్మలు వీటికి దాదాపు రెట్టింపు ఎత్తు ఉండేవి. ఆ శ్రేణిలోని పులి అచ్చు ఖాళీగా ఉంటే దానినే వాడుకున్నారు. అయిదున్నర అంగుళాల హీ-మ్యాన్ పక్కన అది గుర్రమంత కనిపించడంతో దానికి జీను వేసి వాహనంగా మార్చారు. అంటే మనం అంతగా ముచ్చటపడిన పులి స్వారీ, పాత అచ్చును పారేయకూడదన్న పొదుపులోంచి పుట్టిందన్నమాట.

గీతలబ్బాయి:
పొదుపు మాట వచ్చింది కనుక నేనూ కొంత చెబుతాను. హైదరాబాదులోని ఒక యానిమేషన్ స్టూడియోలో కొన్నేళ్లు పనిచేశాను. చిన్నప్పుడు హీ-మ్యాన్ పరుగెత్తే దృశ్యం రాగానే “ఇది నిన్నటిదే” అని నేనంటే మా అన్నయ్య నవ్వేవాడు. అది నిజంగా నిన్నటిదేనని ఈ వృత్తిలోకి వచ్చాక అర్థమైంది. వారానికి అయిదు రోజుల చొప్పున ప్రసారం చేయడానికి ఒక్కో విడతకు 65 కథలు, రెండు విడతలకు 130 కథలు తీయవలసి వచ్చింది. ఇతర స్టూడియోలు బొమ్మలు గీసే పనిని చవకగా అవుతుందని విదేశాలకు పంపుతున్న రోజులలో ఫిల్మేషన్ ఆ పనిని అమెరికాలోనే చేయించింది. ఆ ఖర్చును తట్టుకోవడానికి పరుగు, గెంతు, పిడిగుద్దు వంటి కదలికలను ఒకసారి శ్రద్ధగా గీసి దాచుకుని, వెనుక దృశ్యం మార్చి, అవసరమైతే కుడి ఎడమలు తిప్పి మళ్లీ మళ్లీ వాడుకున్నారు. ఓర్కో అనే చిన్న మాంత్రికుడికి మొదట అనుకున్న పేరు గోర్పో. ఛాతీ మీద ఇంగ్లీషు ‘జీ’ అక్షరం ఉంటే బొమ్మను కుడి ఎడమలు తిప్పినప్పుడు అద్దంలోలా తారుమారవుతుంది, ‘ఓ’ అయితే ఎటు తిప్పినా ఒకటే. పేరు మారడానికి కారణం అదే. సెట్టు ఖర్చు తగ్గించడానికి కథానాయకుడి పేరు మార్చడం లాంటిదే ఇది, కానీ నాకు మాత్రం ఆ తెలివి నచ్చుతుంది.

ప్రవాసిఅమ్మ:
నేను అమెరికాలో పిల్లలను పెంచినదానిని కనుక మరో కోణం చెబుతాను. మీరంతా మురిపెంగా తలచుకుంటున్న ఈ కార్టూన్‌ను ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు అరగంట ప్రకటన అన్నారు. అది అకారణమైన నింద కాదు. 1969లో ఇదే మ్యాటెల్ ‘హాట్ వీల్స్’ కార్ల మీద కార్టూన్ వస్తే, పోటీ బొమ్మల సంస్థ ఒకటి ఫిర్యాదు చేసింది, ప్రసార నియంత్రణ సంస్థ కూడా దానిని ప్రకటన కిందనే లెక్కగట్టమన్నది. 1980ల నాటికి ఆ పట్టు సడలింది. 1984లో ప్రకటనల సమయంపై ఉన్న పరిమితులనే ఎత్తివేశారు. పిల్లల కార్యక్రమాలకు మళ్లీ పరిమితి పెట్టింది 1990 నాటి చట్టం. ప్రతి కథ చివరా ఒక పాత్ర వచ్చి నీతి చెప్పడం ఈ విమర్శలకు కొంత జవాబేనని నా అభిప్రాయం. అయినా ఒకటి ఒప్పుకోవాలి: అంత కత్తి పట్టుకున్నవాడు దానితో మనిషిని పొడవడు, ఎత్తి అవతల పారేస్తాడు. మా అబ్బాయి ఆ పారేయడం చూసే దిండ్లన్నీ పాడుచేశాడు, అది వేరే సంగతి.

బొమ్మలపెట్టె:
కాళ్ల మరమ్మతు సంగతి మరచిపోయాను. రెండు కాళ్లనూ లోపల ఒకే రబ్బరు లాగి పట్టుకుని ఉంటుంది, ఇన్నేళ్లలో అది సాగిపోవడం సహజం. ఒళ్లు విప్పవద్దు. జడకు పెట్టుకునే సన్నటి రబ్బరు బ్యాండు ఒకటి తీసుకుని, సన్నటి తీగను కొక్కెంలా వంచి, తుంటి రంధ్రంలోంచి అవతలికి లాగి రెండు కాళ్లకూ తగిలించండి. నడుము తిప్పి వదిలితే గుద్దు విసిరే స్ప్రింగు ఇంకా పనిచేస్తుంటే దాని జోలికి వెళ్లకండి. మన దేశంలో లియో అనే కంపెనీ పేరుతో వచ్చిన బొమ్మలైతే రంగులలో తేడాలుంటాయి, వాటికి మళ్లీ రంగు వేయకండి. ఆ తేడాల కోసమే సేకరించేవారు వాటిని వెతుకుతారు.

నలుపుతెలుపు_టీవీ:
మా అమ్మాయి జడ బ్యాండుతో హీ-మ్యాన్ నిలబడ్డాడు, ఎడమ కాలు కాస్త వంకరే అయినా. మీ మాట విని స్కెలెటార్ ఊదారంగు కత్తిని హీ-మ్యాన్ బూడిదరంగు కత్తి పక్కన ఆనించి నొక్కితే రెండూ ఒక్కటైపోయాయి. ఇన్నేళ్లూ రెండూ ఒకే బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి.