టెక్సస్‌లో స్ప్రింగ్ ఫుట్‌బాల్ ప్రాక్టీస్: తల్లిదండ్రులు వెళ్లి చూడొచ్చా?

అందరికీ నమస్కారం. మేం డాలస్ దగ్గర ఉంటాం. మా అబ్బాయి నైన్త్ గ్రేడ్, అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతాడు. వాళ్లది 6ఏ స్కూల్, అంటే పిల్లల సంఖ్యను బట్టి చేసే వర్గాల్లో అన్నిటికంటే పెద్దది. సీజన్ మొదలయ్యేది ఆగస్టు చివర్లో కదా, మరి ఈ స్ప్రింగ్ ప్రాక్టీస్ అసలు దేనికి? టెక్సస్‌లో 5ఏ, 6ఏ స్కూళ్లకే దీనికి అనుమతి, 18 ప్రాక్టీసులు దాటకూడదు అన్నంతవరకు తెలుసు. కానీ వర్సిటీ (స్కూల్ ప్రధాన) టీమ్‌లో ఎవరుండాలో కోచ్‌లు ఇప్పుడే తేల్చేస్తారా? లేక కొత్త పిల్లలకు ట్యాక్లింగ్ (బంతి ఉన్నవాణ్ని పట్టి పడేయడం) పద్ధతిగా నేర్పడానికేనా?

ఇంకోటి, మేం వెళ్లి చూడొచ్చా? కొన్నిచోట్ల రోజూ రానిస్తారని, కొన్నిచోట్ల చివర్లో పెట్టే ఆటకే రానిస్తారని విన్నాం. దెబ్బలు తగులుతాయేమోనని వాళ్లమ్మకు ఒకటే టెన్షన్. కళ్లారా చూస్తే కాస్త ధైర్యం వస్తుంది. నేనే కోచ్‌ని అడిగితే బాబుకి ఇబ్బందా? మీ పిల్లలు ఆడి ఉంటే దయచేసి చెప్పండి.