వేపగుంట రోడ్డులో బంకు విస్తరణ: పక్క ఇంటి స్థలం కలపాలంటే ముందు ఏ ఆఫీసు?

బంకు_వేపగుంట

నమస్తే అండి. విశాఖలో గోపాలపట్నం దాటాక వేపగుంట వైపు రోడ్డు వార ఉన్న బంకు. రోడ్డు ముఖం 24 మీటర్లు, లోతు 36. భూమిలో రెండు ట్యాంకులు, పెట్రోలు 20 కిలోలీటర్లు, డీజిల్ 20. పైన రెండు మెషిన్లు. స్థలం మాది, కంపెనీకి లీజు. పెసో (పెట్రోలు నిల్వకి లైసెన్సిచ్చే కేంద్ర సంస్థ) లైసెన్సు కంపెనీ పేరున ఉంది.

పడమర పక్క 320 గజాల ఇంటి స్థలం అమ్మకానికి వచ్చింది. అది కలిపేసి ఇంకో 20 కిలోలీటర్ల పెట్రోలు ట్యాంకు, ఒక మెషిను, గాలి మెషిను, మరుగుదొడ్లు పెట్టాలని ఉంది. దానికి ల్యాండ్ యూజ్ మార్పించాలా? కలెక్టరు గారి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) మళ్ళీ తేవాలా? ఇళ్ళకి 50 మీటర్ల నిబంధన ఉందంటున్నారు, అది పాత బంకుకి కూడా తగులుతుందా? ఆ స్థలం అవతల గోడకి ఆనుకునే ఇల్లుంది.

ఎల్‌టీపీ_ఎంవీపీ

అడ్వాన్సు ఇచ్చారా? ఇవ్వకపోతే ఆగండి. వేపగుంట అన్నారు కాబట్టి ముందు చూడాల్సింది జోను కాదు, సర్వే నంబరు. సింహాచలం దేవస్థానంతో భూవివాదం ఉన్న పంచగ్రామాల్లో వేపగుంట ఒకటి. ఆ నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉంటే రిజిస్ట్రేషనే కాదు. పాత దస్తావేజు చూపించి "మాకు ఎప్పుడో రిజిస్టరయింది" అంటారు, దాన్ని పట్టుకుని ముందుకెళ్ళొద్దు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీతో (ఆస్తి లావాదేవీల పత్రం) పాటు 22-ఎ కూడా సబ్‌డివిజన్ నంబరుతో సహా చూడండి. మీ బంకు స్థలం శుభ్రంగా ఉందని గోడ పక్కది కూడా అలాగే ఉండాలని లేదు.

ఇప్పుడు జోను. వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) 2041 మాస్టర్ ప్లానులో ఆ సర్వే నంబరుకి ఏ రంగు, అంటే ఏ జోను, ఉందో, ముందున్న రోడ్డు ప్లానులో ఎన్ని మీటర్లో, రెండూ రాతపూర్వకంగా తీసుకోండి. నివాస జోనని తేలిన వెంటనే ల్యాండ్ యూజ్ మార్పుకి పరిగెత్తక్కర్లేదు. జోనింగ్ నిబంధనల్లో ఏ జోన్లో ఏది నేరుగా ఒప్పుకుంటారో, ఏది షరతు మీద ఒప్పుకుంటారో, ఏది కుదరదో ఉంటుంది. మీ రోడ్డు వెడల్పుకి బంకు ఏ వరసలో పడుతుందో అందులో చూసుకోవాలి. కుదరని వరసలో పడితేనే మార్పు. ఆ దారి పొడుగు: వీఎంఆర్‌డీఏకి దరఖాస్తు, అక్కణ్ణించి ప్రభుత్వానికి, ముసాయిదా ప్రకటన, అభ్యంతరాలకి 15 రోజులు, చార్జీలు కట్టడం, ఆ తర్వాత తుది జీవో. గోడవతల ఇంటివాళ్ళు కాగితం పెట్టేది ఆ 15 రోజుల్లోనే.

ఇంకోటి. మాస్టర్ ప్లాను రోడ్డు ఇప్పటి రోడ్డు కన్నా వెడల్పయితే, ముందు మేర జీవీఎంసీకి (విశాఖ నగరపాలక సంస్థ) గిఫ్ట్ డీడ్ రాయాలి. అది పోగా మిగిలిన స్థలం మీదే సెట్‌బ్యాకులన్నీ (చుట్టూ వదలాల్సిన ఖాళీ). ఉన్న మెషిన్ల దిమ్మ ఆ పోయే మేరలో పడుతోందేమో గీసి చూసుకోండి. పడితే మీ విస్తరణ లెక్కంతా మారిపోతుంది.

దిగుమతి_పాయింటు

పైన చెప్పినవన్నీ సరే. ఎన్ఓసీ సంగతి ఒకటి సరిచేయాలి. పెట్రోలియం నియమాలు 2002 ప్రకారం పోలీస్ కమిషనర్ ఉన్న పట్టణంలో ఎన్ఓసీ ఇచ్చే జిల్లా అథారిటీ అంటే కమిషనర్ లేదా డిప్యూటీ కమిషనర్. కలెక్టరు కాదు. మీ రోడ్డు విశాఖ కమిషనరేట్‌లోకే వస్తుంది. కలెక్టరేట్‌లో ఇచ్చిన కాగితం అక్కడో నెల తిరిగి మళ్ళీ కమిషనరేట్‌కే వస్తుంది. విచారణ ముగించడానికి నియమంలో గడువు 3 నెలలు. ఫైరు, రెవెన్యూ, జీవీఎంసీ టౌన్ ప్లానింగ్ నివేదికలు ఆ లోపే రావాలి, ఆలస్యమంతా అక్కడే.

దరఖాస్తుదారు కూడా మీరు కాదు. లైసెన్సు ఎవరి పేరున ఉందో వాళ్ళే మార్పు అడగాలి. కాబట్టి మొదట మీ సేల్స్ ఆఫీసరు ద్వారా కంపెనీ ఇంజినీరింగ్ విభాగం ఒప్పుకోవాలి. కొత్త స్థలానికి కూడా కంపెనీ పేర రిజిస్టర్డ్ లీజు కావాలి. స్థలం మీద హక్కు పోతే లైసెన్సు రద్దు చేసే అధికారం పెసోకి ఉంది. పాత లీజు ముగింపు తేదీ ఒకటి, కొత్త ముక్కది ఇంకొకటి అయితే ముందుముందు చిక్కే. రెండూ ఒకే తేదీకి సరిచేయించుకోండి.

ఇక అసలు మాట. ఆ 320 గజాల్లో పెట్రోలు చుక్క పెట్టకండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరి మార్గదర్శకాల్లో 50 మీటర్ల నిబంధన కొత్త బంకులకి. బడి, 10 పడకలు, ఆపైన ఉన్న ఆసుపత్రి, నివాస ప్రాంతంగా గుర్తించిన చోటు, ఈ మూడింటికీ వర్తిస్తుంది. వీలుకాకపోతే పెసో చెప్పిన అదనపు జాగ్రత్తలతో తగ్గించుకోవచ్చు, కానీ 30 మీటర్ల లోపు ఎట్టి పరిస్థితుల్లోనూ కుదరదు. కొలిచేది మీ గోడ నుంచి కాదు. ఫిల్ పాయింటు (ట్యాంకులోకి లోడు దింపే మూతి), మెషిను, వెంటు పైపు (ట్యాంకు ఆవిరి బయటికి పోయే పైపు), వీటిలో ఏది దగ్గరైతే దాన్నుంచి. మీది పాత బంకే. అయినా మెషిను 12 మీటర్లు పడమరకి జరిపారనుకోండి, అభ్యంతరం రాసేవాడు "ఇది కొత్త బంకుతో సమానం" అంటూ మొదటి పేరాలోనే మొదలుపెడతాడు. చేతులారా ఆ అవకాశం ఇవ్వడం దేనికి?

దీన్ని తిప్పి చేయండి. ట్యాంకు, మెషిను పాత హద్దులోనే. గాలి, మరుగుదొడ్లు, ఆఫీసు గది కొత్త ముక్కలోకి. పెట్రోలియం నియమాల్లో 144వ నియమం ఎన్ఓసీ అడిగేది కొత్త లైసెన్సుకి. ఉన్న హద్దులో ట్యాంకు పెంచితే పెసో దగ్గర ముందస్తు ప్లాను అనుమతి, ఆపైన లైసెన్సు సవరణ. కొత్త ముక్కని లైసెన్సు హద్దులోకి లాగితే మాత్రం దానికి ఎన్ఓసీ అడుగుతారనే లెక్కతో దిగండి.

బంకు_వేపగుంట

పాత హద్దులో ట్యాంకు పట్టే చోటు ఒక్కటే, ఆఫీసు గది ఉన్న మూల. గది కొట్టేస్తే సరిపోతుందా? మధ్య గోడ తీసేయొచ్చా?

దిగుమతి_పాయింటు

గది కొట్టడం కూడా మార్పే. పెసో ఒప్పుకున్న డ్రాయింగులో గది ఉంది, గోడ ఉంది. అనుమతి చేతికొచ్చేదాకా ఇటుక కదపకండి. గోడ ఉంచేయండి, మనుషులు నడవడానికి గేటు పెట్టాలన్నా డ్రాయింగులో చూపించాకే.

డ్రాయింగు ఒక్కటే ఉండాలి. కంపెనీది మీటర్లలో, దస్తావేజు గజాల్లో, జీవీఎంసీకి ఎల్‌టీపీ (ప్లాన్లు గీసే లైసెన్సున్న నిపుణుడు) వేసింది ఇంకోటి, ఇలా మూడు ఉంటాయి. 320 గజాలంటే సుమారు 267.5 చదరపు మీటర్లు. స్థలం మీద టేపు పెడితే 258 వస్తే, 258 తోనే అన్ని చోట్లా వెళ్ళండి. ఒక ఆఫీసులో 267, ఇంకో ఆఫీసులో 258 ఉంటే సైటు తనిఖీకి వచ్చినాయన ముందు టేపే అడుగుతాడు.

ఎల్‌టీపీ_ఎంవీపీ

ఇది మంచి దారి, ఒప్పుకుంటాను. గదికి, మరుగుదొడ్లకి కూడా జీవీఎంసీ ప్లాను తప్పదు. అది స్థల యజమాని పేరున ఆన్‌లైన్‌లో వెయ్యాలి. బంకుకి ఉన్నంత చిక్కు వాటికి ఉండదు. పైన 11 కేవీ లైను పోతోందా? బంకు మీదుగా హైటెన్షన్ లైను ఉండకూడదు. ఉంటే ఈపీడీసీఎల్‌లో (కరెంటు సంస్థ) ఎస్టిమేటు కట్టి జరిపించుకోవడం ట్యాంకు పని కన్నా ముందు.

డిప్_రాడ్

కాగితాల సంగతి తేలింది కాబట్టి గొయ్యి గురించి. 20 కిలోలీటర్ల ట్యాంకు ఇంచుమించు 2 మీటర్ల వ్యాసం, 6 మీటర్ల పైచిలుకు పొడవు. గోతిలో నీరు చేరితే ఖాళీ ట్యాంకుని 20 టన్నుల బలం పైకి తోస్తుంది. ట్యాంకు ఇనుము దానిలో చిన్న భాగమే. అడుగున ఆర్‌సీసీ రాఫ్టుకి (కాంక్రీటు దిమ్మ) పట్టీలతో బిగించకుండా రాత్రికి వదిలేస్తే, తెల్లారేసరికి వంకరగా తేలి ఉంటుంది, పైపుల మూతులు విరిగి ఉంటాయి. అక్టోబరు, నవంబరుల్లో తవ్వొద్దు, తుపాన్ల కాలం. సంక్రాంతి దాటాక తవ్వి వేసవి వానల లోపు ఇసక నింపి మూసేయండి. గొయ్యి పాత ట్యాంకు పక్కనే అయితే ఆ వైపు మట్టి జారకుండా షీట్లు కొట్టించండి, పాత ట్యాంకు కింద నేల కదిలితే దాని పైపుల కీళ్ళు కారతాయి.

వెంటు పైపు నేలనుంచి 4 మీటర్లకి తగ్గకూడదు, మూతికి జాలీ ఉండాలి, పడమర గోడకి దూరంగా నిలబెట్టండి. నెలకి పెట్రోలు 300 కిలోలీటర్లు దాటేట్టుంటే ఆవిరి రికవరీ పైపు గొయ్యి తెరిచి ఉన్నప్పుడే వేయించుకోండి. తర్వాతంటే కాంక్రీటు మళ్ళీ పగలగొట్టాలి.

చివర్లో అందరూ మరిచేది: పాత ట్యాంకు డిప్ చార్టు (కడ్డీ కొలతని లీటర్లలోకి మార్చే పట్టిక) కొత్తదానికి పనికిరాదు. కొత్త ట్యాంకు కాలిబ్రేషన్ చార్టు కంపెనీ నుంచి వచ్చాకే లోడు దింపండి. మెషినుకి తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి, 5 లీటర్ల కొలపాత్రతో ప్రతి నాజిలూ చూసి వేస్తారు. పెసో సవరణ వచ్చింది కదా అని ముద్ర లేకుండా నాజిల్ తీస్తే కేసు వేరే శాఖ నుంచి వస్తుంది.